ఏథెన్స్ నుంచి పురాతన గ్రీసు: తక్కువ రోజుల్లో ఏ గైడెడ్ టూరు ఎంచుకోవాలి?

గ్రీసు యాత్రకు సిద్ధమైనవాళ్ళు సలహా కోరితే నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఏథెన్స్‌లో మీకు ఎన్ని పగళ్ళు దొరుకుతాయి? ఎక్కువమంది చెప్పేది రెండు, మహా అయితే మూడు. మిగతా రోజులు శాంటోరిని, మైకొనోస్ లాంటి దీవులకు పోతాయి. ఆ రెండు మూడు పగళ్ళలోనే అక్రోపోలిస్, డెల్ఫీ, మైసీనే, ఎపిడారస్, ఒలింపియా అన్నీ చూపిస్తామని ఊరించే టూర్లకు ఇంటర్నెట్టులో కొదవ లేదు. వాటిలో ఏది ఎవరికి సరిపోతుందో, దేన్ని నిర్మొహమాటంగా వదిలేయవచ్చో చెప్పడమే ఈ వ్యాసం పని.

నా అభిప్రాయం ముందే చెబుతాను. టూరు వివరాల్లో ఎన్ని పేర్లున్నాయో లెక్కపెట్టకండి, ఆ రాళ్ళ మధ్య మీ కాళ్ళ మీద ఎన్ని గంటలు ఉంటారో లెక్కపెట్టండి. డెల్ఫీ టూరు పది గంటలు అని రాసి ఉంటే అందులో రానూపోనూ ప్రయాణమే అయిదారు గంటలు. దారిలో ఆగడాలకూ భోజనానికీ మరో గంట, గంటన్నర. మిగిలేది మూడు గంటలు. మీరు డబ్బు కట్టేది ఆ మూడు గంటలకే. వాటిలో ఇంకో ఊరిని ఇరికించారంటే కోత పడేది అక్కడే. రెండు టూర్ల ధరలు పోల్చే ముందు ప్రతి చోటా ఎంతసేపు ఆగుతారని రాతపూర్వకంగా అడగండి. సూటిగా జవాబు ఇవ్వని ఏజెన్సీని పక్కన పెట్టండి.

అక్రోపోలిస్: గైడు కోసం ఖర్చు పెట్టాల్సిన చోటు

ఏథెన్స్ నడిబొడ్డున పురాతన గుళ్ళున్న కొండ ఇది. ఒక్క పూట మాత్రమే ఉన్నా చూడాల్సింది ఇదే కాబట్టి కొంచెం వివరంగా మాట్లాడుకుందాం. ఇక్కడ దొరికే టూర్లు ప్రధానంగా నాలుగు రకాలు. కొండ మాత్రమే చూపించే రెండు గంటల నడక ఒకటి. కొండతో పాటు దిగువన ఉన్న అక్రోపోలిస్ మ్యూజియాన్ని కూడా అదే గైడుతో చూపించే నాలుగు గంటల టూరు రెండోది. నగరమంతా బస్సులో తిప్పుతూ మధ్యలో కొండ ఎక్కించే సగం రోజు టూరు మూడోది. ఫోనులో ఆడియో గైడు పెట్టుకుని సొంతంగా తిరగడం నాలుగోది.

నా ఓటు రెండోదానికి. కొండ మీద మిగిలింది భవనాలు, వాటి శిల్పాలు చాలావరకు కిందికి చేరాయి. ఒకటి చూసి రెండోది చూడకపోతే సగం కథే తెలుస్తుంది. కొండ మీది ప్రధాన గుడి పార్థెనాన్ నిర్మాణం క్రీ.పూ. 447లో, ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ కాలంలో మొదలైంది. ఇక్టినస్, కాలిక్రాటీస్ వాస్తుశిల్పులు, శిల్పాల పర్యవేక్షణ ఫీడియాస్‌ది. క్రీ.పూ. 432 నాటికి శిల్పాలతో సహా పూర్తయింది. పాలరాయి నగరానికి ఈశాన్యంగా ఉన్న పెంటెలీ కొండ నుంచి వచ్చింది. ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి. మంచి గైడు చేసేది వేరే పని. గుడి అరుగు చివర మిమ్మల్ని నిలబెట్టి, అంచు వెంబడి చూపు సారించమంటారు. తిన్నగా ఉందనుకున్న మెట్టు మధ్యలో ఉబ్బి ఉందని అప్పుడు తెలుస్తుంది. స్తంభాలు నిటారుగా లేవు, లోపలికి ఒరిగి ఉన్నాయి. మూలల్లో ఉన్నవి మిగతావాటికన్నా కాస్త లావు. దూరం నుంచి చూసే కంటికి అంతా సమంగా కనిపించాలని రాతిని అంత జాగ్రత్తగా వంచారు. ఎవరూ చెప్పకపోతే ఈ సంగతి వందకు తొంభైమంది కంటికి ఆనదు. గైడుకు ఇచ్చే డబ్బు ఇలాంటి చోట సార్థకమవుతుంది.

పైకప్పు ఎందుకు లేదన్నది ఇంకో కథ. ఒట్టోమన్ తుర్కుల చేతిలో ఉన్నప్పుడు ఈ గుడిలో మందుగుండు నిల్వ చేశారు. 1687లో వెనిస్ సేనలు ముట్టడించి పేల్చిన గుండు దాని మీద పడింది. రెండు వేల ఏళ్ళకు పైగా నిలిచిన కట్టడం ఆ పేలుడుతో నడుము విరిగింది. మిగిలిన శిల్పాల్లో సగం దాకా 1801 నుంచి బ్రిటిష్ రాయబారి లార్డ్ ఎల్గిన్ మనుషులు ఊడదీసి లండన్‌కు తరలించారు.

2009లో తెరిచిన అక్రోపోలిస్ మ్యూజియం పై అంతస్తుకు వెళితే ఈ నష్టం కళ్ళకు కడుతుంది. ఆ గాజు గదిని సరిగ్గా పార్థెనాన్ ఉన్న దిక్కుకే తిప్పి కట్టారు. గుడి చుట్టూ శిల్పాల పట్టీ ఏ వరుసలో ఉండేదో ఆ వరుసలోనే అమర్చారు. తేనె రంగులో ఉన్నవి అసలైనవి, తెల్లగా ఉన్నవి ప్లాస్టర్ నకళ్ళు. తెల్లవాటి అసలు రాళ్ళు ఎక్కువగా బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఈ గదిలో తెలుగువారికి అమరావతి గుర్తుకు రాకుండా ఉండదు. ఆంగ్లేయ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసుకు చేర్చిన స్తూప శిల్పాల్లో చాలా భాగం తర్వాత లండన్‌కు పోయింది. ఇవాళ పార్థెనాన్ శిల్పాలు, అమరావతి శిల్పాలు ఒకే బ్రిటిష్ మ్యూజియం కప్పు కింద ఉన్నాయి. లండన్‌లో ఉండే తెలుగు కుటుంబాలు గ్రీసుకు బయలుదేరే ముందు ఒక మధ్యాహ్నం అక్కడ రెండూ చూసి వెళితే ఏథెన్స్‌లో ఆ తెల్లటి నకళ్ళ ముందు నిలబడటం వేరుగా ఉంటుంది.

బస్సు టూరును ఎందుకు వద్దంటున్నానంటే, అందులో కొండ మీద దొరికే సమయం తక్కువ. మిగతాదంతా కిటికీలోంచి చూడటమే. పార్లమెంటు భవనం, 1896 ఒలింపిక్స్ జరిగిన పాలరాతి స్టేడియం లాంటివి మెట్రోలోనో నడిచో మీరే చూసుకోవచ్చు. వేడికి బాగా అలసిపోయే పెద్దవాళ్ళు వెంట ఉంటే మాత్రం ఈ టూరుకు అర్థం ఉంది. చిన్న పిల్లలున్న కుటుంబాలకు ఆడియో గైడు మేలు. గుంపు నడకతో పిల్లల నడక కలవదు, ఎక్కడ కూర్చోవాలంటే అక్కడ కూర్చోవచ్చు.

టూరు ఎంచుకునేటప్పుడు ఏ ద్వారం గుండా ఎక్కిస్తారో అడగండి. పడమటి ప్రధాన ద్వారం నుంచి వెళితే నేరుగా కొండపైకి చేరతారు. అక్రోపోలీ మెట్రో స్టేషన్ దగ్గరి ఆగ్నేయ ద్వారం నుంచి వెళితే దారిలో డయొనైసస్ రంగశాల వస్తుంది. సోఫోక్లీస్, యూరిపిడీస్ నాటకాలు మొదటిసారి ఆడిన చోటు అది. నేను ఈ దారినే సిఫారసు చేస్తాను.

సమయం గురించి గట్టిగా చెప్పాలి. ఇప్పుడు టికెట్టు మీద ప్రవేశ సమయం ఉంటుంది, ఆ వేళకే వెళ్ళాలి. జూన్ నుంచి ఆగస్టు వరకు ఉదయం ఎనిమిదింటి వేళ దొరికితే వదలకండి, లేదా సాయంత్రం చివరి గంటలు తీసుకోండి. మన ఎండలకు అలవాటు పడ్డవాళ్ళం అనుకోవద్దు. ఆ కొండ మీద నీడ లేదు, తెల్లటి రాయి ఎండను మొహం మీదికి కొడుతుంది. 2023 జూలైలో వేడి మరీ పెరిగి మధ్యాహ్నం వేళల్లో అక్రోపోలిస్‌ను మూసేశారు. తర్వాతి వేసవుల్లోనూ అలా జరిగింది. నునుపెక్కిన పాలరాతి మీద కాలు జారుతుంది, పట్టున్న బూట్లు వేసుకోవాలి, మడమ ఎత్తు చెప్పులకు అనుమతి లేదు. నడవలేనివారి కోసం కొండ ఉత్తరం వైపు లిఫ్టు ఉంది, ముందుగా చెప్పి పెట్టుకోవాలి.

పురాతన అగోరాకు గైడు అక్కర్లేదు. సోక్రటీస్ తిరిగిన సంత మైదానం అది. హెఫీస్టస్ గుడి దాదాపు చెక్కుచెదరకుండా నిలిచి ఉంది. పెర్గమాన్ రాజు అట్టలస్ కట్టించిన పొడుగాటి వసారాను 1950లలో మళ్ళీ నిర్మించి అందులో మ్యూజియం పెట్టారు. చెట్ల నీడ ఉంది, ఫలకాల మీద వివరాలున్నాయి. సాయంత్రం మీ అంతట మీరు వెళ్ళండి.

డెల్ఫీనా, మైసీనే–ఎపిడారసా?

రెండో పగలు దొరికినవాళ్ళందరికీ ఎదురయ్యే ప్రశ్న ఇదే. రెండూ ఏథెన్స్ నుంచి పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి వచ్చే టూర్లే. ధరలోనూ పెద్ద తేడా ఉండదు. తేడా అంతా మీ అభిరుచిలో, మీతో వచ్చేవాళ్ళలో ఉంది.

డెల్ఫీ ఏథెన్స్‌కు వాయవ్యంగా సుమారు 180 కిలోమీటర్లు, పర్నాసస్ పర్వతం ఒడిలో ఉంది. ప్రాచీన గ్రీకుల లెక్కలో అది భూమికి నాభి. అపోలో గుడిలో పిథియా అనే పూజారిణి చెప్పే సోదె వినకుండా ఏ నగరమూ యుద్ధానికి దిగేది కాదు, కొత్త వలస ఊరు కట్టేది కాదు. లిడియా రాజు క్రోసస్ పర్షియా మీదికి దండెత్తవచ్చా అని అడిగితే, నువ్వు దండెత్తితే ఒక మహా సామ్రాజ్యం కూలుతుందని జవాబు వచ్చిందని ప్రాచీన గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. కూలింది క్రోసస్ సామ్రాజ్యమే. గుడి దగ్గర నిలబడి ఈ కథ విన్నాక కింద లోయ వైపు చూడండి. సముద్రం దాకా పరచుకున్న ఆలివ్ తోటలు కనిపిస్తాయి. దేవుడు మాట్లాడతాడంటే నమ్మబుద్ధయ్యే చోటు అది.

అక్కడ నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చాలామంది పట్టించుకోకుండా దాటిపోయే ఒక గోడ. అపోలో గుడి అరుగు కింద, బహుకోణాల రాళ్ళను సందు లేకుండా పొదిగి కట్టినది. దగ్గరికి వెళ్ళి చూస్తే రాళ్ళ నిండా సన్నటి అక్షరాలు. బానిసలకు విముక్తి ఇస్తూ రాసుకున్న ఒప్పందాలవి, వందల సంఖ్యలో ఉన్నాయి. బానిసను దేవుడికి అమ్మినట్లు రాసి, ఆ అమ్మకం ద్వారా స్వేచ్ఛ ఇచ్చేవారు. రాజుల కానుకల మధ్య మామూలు మనుషుల పేర్లు మిగిలిన గోడ అది. ఎండ ఏటవాలుగా పడినప్పుడు అక్షరాలు స్పష్టంగా తెలుస్తాయి. గైడు దాన్ని చూపించకపోతే మీరే అడగండి.

మ్యూజియంలో కంచు రథసారథి ఉన్నాడు. క్రీ.పూ. 470ల నాటి విగ్రహం, మనిషంత ఎత్తు. సిసిలీలోని గెలా పాలకుడు పాలిజాలస్ రథపందెంలో గెలిచి సమర్పించినది. పొదిగిన కళ్ళు, కనురెప్పల వెంట్రుకలు ఇప్పటికీ ఉన్నాయి. మ్యూజియం లేని డెల్ఫీ టూరు ఎంత చవకైనా వద్దు.

ఇంకో పరీక్ష కూడా పెట్టండి. డెల్ఫీ పేరు చెబితే వచ్చే ఫొటోల్లో ఎక్కువగా కనిపించే మూడు స్తంభాల గుండ్రటి కట్టడం అపోలో గుడి కాదు. అది రోడ్డుకు దిగువన, ప్రధాన స్థలానికి దూరంగా ఉన్న ఎథీనా ప్రొనాయా ఆవరణలోని థోలోస్. బస్సు టూర్లలో కొన్ని అక్కడ ఆగవు, కిటికీలోంచి చూపించి ముందుకు పోతాయి. ప్రకటనలో ఆ ఫొటో పెట్టి, ఆగే చోట్ల పట్టికలో దాని పేరు లేకపోతే అనుమానించండి.

డెల్ఫీకి ఉన్న ఇబ్బంది ఎత్తు. పవిత్ర మార్గం కొండవాలు మీద మలుపులు తిరుగుతూ పైకి పోతుంది. ఏథెన్స్ వాసుల ఖజానా, గుడి, రంగశాల, అన్నిటికన్నా పైన స్టేడియం. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలు గుడి దాకా మెల్లగా వెళ్ళగలరు, ఆపైన కష్టం. వాళ్ళను మ్యూజియం దగ్గర కూర్చోబెట్టి మీరు పైకి వెళ్ళే వీలుందో లేదో ముందే అడగాలి.

ఇక రెండోవైపు. దక్షిణ గ్రీసు ద్వీపకల్పమైన పెలొపొనీస్‌లోని అర్గోలిడ్ ప్రాంతానికి వెళ్ళే టూరు సాధారణంగా కొరింత్ కాలువ దగ్గర కాసేపు ఆగి, మైసీనే, నాఫ్లియో, ఎపిడారస్ చూపించి తిరిగి వస్తుంది. 1893లో పూర్తయిన ఆ కాలువ ఆరు కిలోమీటర్లకు పైగా పొడవు. వంతెన మీద నుంచి చూడటానికి బాగుంటుంది, పది నిమిషాలు చాలు.

మైసీనే కోట పార్థెనాన్ కన్నా ఎనిమిది వందల ఏళ్ళు పాతది. సింహద్వారం క్రీ.పూ. 1250 ప్రాంతంలో కట్టారు. ఆ రాళ్ళు ఎత్తింది మనుషులు కాదు, ఒంటికన్ను రాక్షసులే అని తర్వాతి గ్రీకులు నమ్మారు. ట్రాయ్ మీదికి నడిచిన అగమెమ్నాన్ రాజధాని ఇదేనని ప్రాచీన కవి హోమర్ చెప్పిన మాటను పట్టుకుని 1876లో జర్మన్ పురావస్తు అన్వేషకుడు హైన్రిక్ ష్లీమన్ తవ్వితే, ద్వారం లోపలే రాచ సమాధులు, బంగారు ముసుగులు బయటపడ్డాయి. అగమెమ్నాన్ ముసుగుగా పేరుపడ్డది నిజానికి ట్రోజన్ యుద్ధం జరిగిందని చెప్పే కాలానికి మూడు వందల ఏళ్ళ ముందుది. అది మైసీనేలో లేదు, ఏథెన్స్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది. కనుక మైసీనే టూరు తీసుకునేవాళ్ళు ముందురోజో మర్నాడో ఆ మ్యూజియానికి రెండు గంటలు కేటాయించుకోవాలి. లేదంటే ఖాళీ సమాధి చూసి రావడమే అవుతుంది. ఆ మ్యూజియంలోనే అంటికిథెరా యంత్రం కూడా ఉంది. సముద్రం అడుగున దొరికిన ఆ కంచు పళ్ళచక్రాలు రెండు వేల ఏళ్ళ కిందట సూర్యచంద్రుల గమనాన్ని లెక్కగట్టేవి.

కోటకు కొద్ది దూరంలో అట్రియస్ ఖజానా అనే గోపుర సమాధి ఉంది. ద్వారం మీది అడ్డరాయి బరువు సుమారు 120 టన్నులని అంచనా. లోపల నిలబడి తల ఎత్తితే రాళ్ళ వలయాలు ఒకదానిపై ఒకటి చిన్నవవుతూ కొనకు చేరతాయి. దీన్ని వదిలేసే టూర్లు కూడా ఉన్నాయి. పట్టికలో పేరు ఉందో లేదో చూసుకోండి.

ఎపిడారస్ రంగశాల క్రీ.పూ. 4వ శతాబ్దానిది, 55 వరుసల్లో సుమారు 14,000 మంది పట్టేది. అది వైద్య దేవుడు అస్క్లీపియస్ ఆరోగ్యక్షేత్రంలో భాగం. రోగులు అక్కడ నిద్రపోతే దేవుడు కలలోకి వచ్చి చికిత్స చెబుతాడని నమ్మేవారు. గైడు మధ్యలో నిలబడి నాణెం పడేస్తే పై వరుస దాకా వినిపిస్తుందని చూపిస్తారు. కొన్నేళ్ళ కిందట డచ్ పరిశోధకులు కొలిచి చూసి, గుసగుసలు పై దాకా స్పష్టంగా చేరవని, నటుడు గొంతెత్తి పలికితే మాత్రం చివరి వరుసకూ అందుతుందని తేల్చారు. అది చాలు, ఆ కట్టడం గొప్పతనానికి కథలు కలపనవసరం లేదు. వేసవిలో అక్కడ ఇప్పటికీ పురాతన నాటకాలు ఆడతారు. మీ తేదీల్లో ప్రదర్శన ఉంటే పగటి టూరు మానుకుని ఆ రాత్రి నాటకానికి వెళ్ళండి. భాష తెలియకపోయినా ఫరవాలేదు.

ఇప్పుడు తీర్పు. ఒక్కటే చూడగలిగితే, నడవగలిగితే, నేను డెల్ఫీ అంటాను. కొండ, గుడి, శాసనాలు, శిల్పం ఒకే చోట కలిసిన స్థలం గ్రీసులో అలాంటిది ఇంకొకటి లేదు, దాని మ్యూజియం కూడా దాని పక్కనే ఉంది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు, పదేళ్ళు దాటిన పిల్లలున్నవాళ్ళకు, హోమర్ కథలు ఇష్టమున్నవాళ్ళకు మైసీనే–ఎపిడారస్ మంచిది. సింహద్వారం, సమాధుల వలయం ప్రవేశానికి దగ్గరే, ఆపైన ఎక్కడం ఎవరి ఇష్టం వాళ్ళది. మధ్యలో నాఫ్లియో సముద్రపు ఒడ్డున తీరికగా భోంచేయవచ్చు. ఆధునిక గ్రీసుకు తొలి రాజధానుల్లో ఒకటైన అందమైన ఊరది.

ఒలింపియా, సూనియన్, మెటియోరా

ఒలింపియా ఏథెన్స్ నుంచి సుమారు 300 కిలోమీటర్లు. ఒక్క రోజులో వెళ్ళి రావచ్చని అమ్మే టూరు కొనకండి. ఎనిమిది గంటలు బస్సులో గడిచిపోతాయి. ఆ స్థలం అలా చూసేది కాదు. జ్యూస్ గుడి స్తంభాలు భూకంపానికి కూలి, రాతి చక్రాలు పడినవి పడినట్లే ఉన్నాయి. బంగారం, ఏనుగు దంతంతో జ్యూస్ విగ్రహం చేసిన ఫీడియాస్ పనిశాల కూడా అక్కడే దొరికింది. ‘నేను ఫీడియాస్ సొత్తును’ అని గీసి ఉన్న ఒక చిన్న పాత్ర మ్యూజియంలో ఉంది. సుమారు 192 మీటర్ల పరుగుబాటలో పిల్లలు పరుగెత్తకుండా ఆగరు. దీనికి రెండు సందర్భాలే సరైనవి: నాఫ్లియోలోనో ఒలింపియాలోనో ఒక రాత్రి బస ఉన్న టూరు, లేదా మీ క్రూయిజ్ ఓడ కటాకోలో రేవులో ఆగడం. అక్కడి నుంచి ఒలింపియా గంటలోపు దూరమే కాబట్టి ఓడ ప్రయాణికులు మరో ఆలోచన పెట్టుకోనవసరం లేదు.

సూనియన్ సగం రోజు పని. ఏథెన్స్ నుంచి సుమారు 70 కిలోమీటర్లు సముద్రం వెంట వెళితే కొండ కొసన సముద్ర దేవుడు పోసైడన్ గుడి. చూడటానికి గంట చాలు. సూర్యాస్తమయానికి తీసుకెళ్ళే మధ్యాహ్నపు బస్సు తీసుకోండి. ఉదయం అక్రోపోలిస్ చూసిన రోజునే దీన్నీ పెట్టుకోవచ్చు. గైడు లేకపోయినా లోటు లేదు.

డెల్ఫీతో మెటియోరాను కలిపి రెండు రోజుల టూరుగా చాలామంది అమ్ముతారు. మెటియోరా అద్భుతమైన చోటే, శిఖరాల మీద మఠాలు. కానీ అవి 14వ శతాబ్దం నుంచి కట్టిన క్రైస్తవ మఠాలు, పురాతన గ్రీసుతో వాటికి సంబంధం లేదు. మీ ఆసక్తి పురాతన చరిత్రే అయితే ఆ రెండో రోజును అర్గోలిడ్‌కు ఇవ్వండి.

దీవుల్లో ఉన్నవాళ్ళకు

మైకొనోస్ వెళ్ళేవాళ్ళు బీచ్ ఒక పూట తగ్గించుకుని డీలోస్ పడవ ఎక్కాలి. అరగంట ప్రయాణం. అపోలో పుట్టిన దీవిగా దానికి పేరు. క్రీ.పూ. 478లో పర్షియాకు ఎదురుగా ఏర్పడిన నగరాల కూటమి ధనం మొదట ఇక్కడే ఉండేది. క్రీ.పూ. 454లో దాన్ని ఏథెన్స్‌కు తరలించారు. ఆ కూటమి సొమ్మును పెరిక్లీస్ కట్టడాల మీద ఖర్చు పెడుతున్నాడని అప్పట్లోనే తీవ్రమైన గొడవ జరిగింది. పార్థెనాన్ చూసినవాళ్ళకు డీలోస్ ఆ కథకు మొదటి అధ్యాయం. దీవిలో రాత్రి ఉండనివ్వరు, నీడ దాదాపు లేదు, గాలి ఎక్కువైతే పడవలు నడవవు. ఉదయపు పడవ, గైడు, టోపీ, నీళ్ళు ఉండాలి.

శాంటోరినిలో అక్రోటిరి ఉంది. అగ్నిపర్వతపు బూడిద కింద మూడున్నర వేల ఏళ్ళు దాక్కున్న ఊరు. కప్పు వేసి కాపాడుతున్నారు కాబట్టి మండుటెండలో కూడా చూడవచ్చు.

క్రీట్ దీవిలోని పురాతన రాజభవనం క్నోసస్‌కు మాత్రం గైడు తప్పనిసరి అంటాను. 1900లో తవ్వకాలు మొదలుపెట్టిన బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఆర్థర్ ఎవాన్స్ శిథిలాల్లో చాలా చోట్ల కాంక్రీటుతో గోడలు, స్తంభాలు మళ్ళీ కట్టించాడు. ఎర్ర స్తంభాలు చూసి నాలుగు వేల ఏళ్ళ నాటివని మురిసిపోతాం, అవి ఇరవయ్యో శతాబ్దానివి. ఏది పాతదో ఏది ఎవాన్స్ ఊహో విడదీసి చెప్పే మనిషి పక్కన ఉండాలి. అసలు కుడ్యచిత్రాలు హెరాక్లియన్ మ్యూజియంలో ఉన్నాయి, రెండూ కలిపిన టూరే తీసుకోండి.

పెద్ద బస్సు, చిన్న వ్యాను, టాక్సీ, మామూలు బస్సు

గ్రీసులో పురావస్తు స్థలాల లోపల వివరించడానికి ప్రభుత్వ లైసెన్సు ఉన్న గైడులకే అనుమతి. వాళ్ళు దానికోసం చదువుకుని పరీక్షలు రాసి వచ్చినవాళ్ళు, మెడలో గుర్తింపు కార్డు ఉంటుంది. దీన్ని బట్టి ప్రైవేటు టాక్సీ టూర్ల సంగతి అర్థం చేసుకోవాలి. డ్రైవరు దారి పొడవునా ఎన్ని కథలైనా చెప్పవచ్చు, గేటు దగ్గర ఆగిపోతాడు, లోపల మీరు ఒంటరి. నలుగురు పంచుకుంటే టాక్సీ ఖర్చు భరించగలిగేదే. కానీ లోపలికి గైడు ధర అందులో ఉందా లేదా, స్థలాల ప్రవేశ టికెట్లు ఎవరు కట్టాలి అన్నవి ముందే తేల్చుకోవాలి. ఈ రెండూ కలిపి చూస్తే చవకగా కనిపించినదే ఖరీదైనది కావచ్చు.

పెద్ద బస్సు టూరులో నలభై యాభై మంది ఉంటారు. చెవిలో పెట్టుకునే యంత్రం ఇస్తే గైడు మాట వినపడుతుంది, ఇవ్వకపోతే వెనకబడ్డవాళ్ళకు ఏమీ అందదు. రెండు భాషల్లో మార్చి మార్చి చెప్పే టూరు వద్దే వద్దు, మీ సమయంలో సగం అవతలి భాషకు పోతుంది. పది పదిహేను మంది పట్టే వ్యాను, లైసెన్సు ఉన్న గైడు కలిసిన టూరు ధర కొంత ఎక్కువైనా, పూర్తి రోజు యాత్రకు నేను దాన్నే ఎంచుకుంటాను. ప్రశ్న అడిగితే జవాబు చెప్పే తీరిక అక్కడే ఉంటుంది.

చేతిలో డబ్బు తక్కువగా ఉన్న విద్యార్థులకు కేటెల్ ప్రాంతీయ బస్సులు ఉన్నాయి. డెల్ఫీకి, నాఫ్లియోకు నేరుగా వెళ్ళవచ్చు. డెల్ఫీకి ఇది నిజంగా మంచి మార్గం, బస్సు దిగిన ఊరు నుంచి స్థలానికి నడిచి వెళ్ళవచ్చు. తిరుగు బస్సు వేళ ముందే చూసుకోవాలి. మైసీనే, ఎపిడారస్ రెండూ ఒకే రోజు మామూలు బస్సుల్లో చూడటం మాత్రం చిక్కు.

శాకాహారులు భోజనం గురించి బెంగపడనక్కర్లేదు. టూరు బస్సులు ఆగే హోటళ్ళలో కూడా బియ్యం కూరిన టమాటాలు, పెద్ద చిక్కుడు గింజల కూర, పాలకూర పొరల రొట్టె, సలాడ్ దొరుకుతాయి. గ్రీకుల ఉపవాస దినాల్లో మాంసం, గుడ్లు, పాలు లేని వంటలు చేస్తారు కనుక అడిగితే వాళ్ళకు అర్థమవుతుంది. భోజనం టూరు ధరలో కలిపి ఉంటే బుక్ చేసేటప్పుడే శాకాహారం అని రాయించండి.

రోజుల లెక్కన నా సలహా

ఒక్క పగలే ఉంటే ఉదయం అక్రోపోలిస్, మ్యూజియం కలిసిన టూరు, సాయంత్రం అగోరా. ఏథెన్స్ దాటవద్దు. రెండు పగళ్ళుంటే రెండో రోజు డెల్ఫీ, లేదా పైన చెప్పిన కారణాలుంటే అర్గోలిడ్. మూడు పగళ్ళుంటే డెల్ఫీ, అర్గోలిడ్ రెండూ పెట్టకండి. మధ్య రోజు ఏథెన్స్‌లో ఉండి జాతీయ పురావస్తు మ్యూజియం చూసి, సాయంత్రం సూనియన్ వెళ్ళండి. దూరప్రయాణాన్ని ఒకటికే పరిమితం చేయండి. నాలుగు పగళ్ళుంటే డెల్ఫీ, అర్గోలిడ్ రెండూ చూడవచ్చు. అయిదు దాటితే ఒలింపియాలో ఒక రాత్రి ఉండేలా పెలొపొనీస్ యాత్ర వేసుకోండి.

బుక్ చేసే వరుస కూడా ముఖ్యం. అక్రోపోలిస్ ప్రవేశ వేళలు ముందు నిండిపోతాయి కాబట్టి అది ఖాయమయ్యాకే మిగతా టూర్ల తేదీలు నిర్ణయించాలి. జనవరి 1, మార్చి 25, మే 1, ఆర్థడాక్స్ ఈస్టర్ ఆదివారం, డిసెంబరు 25, 26 తేదీల్లో స్థలాలు మూసి ఉంటాయి. వాళ్ళ ఈస్టర్ చాలా ఏళ్ళు మన క్యాలెండర్లలో కనిపించే ఈస్టర్ రోజున రాదు, విడిగా చూసుకోండి. సంక్రాంతి సెలవుల్లో వెళ్ళేవాళ్ళకు గుంపులు, ఎండ రెండూ ఉండవు. కానీ చలికాలంలో చాలా స్థలాలు మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలోనే మూసేస్తారు. ఏథెన్స్ నుంచి తొమ్మిది తర్వాత బయలుదేరే డెల్ఫీ టూరు ఆ నెలల్లో తీసుకోకండి.